మా పెరట్లో కార్తీకమాసం 45 రోజులు

కొన్ని మతాల్లో కొన్ని తిండ్లు ఎందుకు తినకూడదన్నారు, ఇందులో ఆరోగ్య రహస్యం ఏమైనా ఉందా అని అడిగారు. ఆరోగ్య రహస్యం అనే మాట వింటేనే నాకు ఒళ్ళు మండుతుంది కాబట్టి ముందే చెప్పేస్తాను, లేదు. ఎందుకు లేదో చెప్పాలంటే మా పెరటి సంగతి చెప్పాలి.

మాది బరంపురం, ఒడిశాలో గంజాం జిల్లా. ఇచ్ఛాపురం దాటి కాస్త ముందుకొస్తే మా ఊరే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమైనప్పుడు, అంతవరకు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న మా ఊరు అటు పోయింది, మా తాత మాత్రం ఉన్న ఇంట్లోనే ఉన్నాడు. రాష్ట్రం మారినా ఇంట్లో పంచాంగం మారలేదు. గొడవంతా అక్కడే.

మనకి నెల అమావాస్యతో పూర్తవుతుంది. ఒడియావాళ్ళు వ్రతాలకి పట్టించుకునే నెల పున్నమితో పూర్తవుతుంది. అందుకని వాళ్ళ కార్తీకం, దసరా వెళ్ళాక వచ్చే పున్నమి ఉంది చూడండి, వాళ్ళు కుమార పూర్ణిమ అంటారు, దాని మర్నాడే మొదలైపోయి కార్తీక పున్నమికి అయిపోతుంది. మన కార్తీకం దీపావళి మర్నాడు మొదలై మళ్ళీ అమావాస్య దాకా నడుస్తుంది. అదే మాసం, అదే నీసు మానెయ్యడం, అదే తెల్లారుజామున చన్నీళ్ళ స్నానం, కానీ ఇద్దరికీ కలిసేది మధ్యలో 15 రోజులే.

మా ఇల్లు పాతకాలంది. నడుమ పెరడు, పెరట్లో నుయ్యి, ఇటు మేము, అటు అద్దెకున్న ఒడియా కుటుంబం. ఆవిడని నేను మావుసి అనేవాణ్ణి, మనం పిన్ని అన్నట్టే. వాళ్ళు బ్రాహ్మలు. చేపలు తింటారు, మేకమాంసం తింటారు, కోడి మాత్రం గడప దాటి లోపలికి రాకూడదు. ఈ సంగతి విని శ్రీకాకుళం నుంచి వచ్చిన మా నాన్న స్నేహితుడొకాయన, ఆయనా బ్రాహ్మడే, కాఫీ గ్లాసు పట్టుకుని చాలాసేపు అలాగే ఉండిపోయాడు. బ్రాహ్మలు చేపలు తినడమేమిటని ఆయన బాధ. చేప కూడా తినకుండా ఈ మనిషి ఇంతకాలం ఎలా బతికాడా అని మావుసి బాధ.

కార్తీకం వస్తే మావుసి అత్తగారు హబిష పట్టేది. ఒంటిపూట భోజనం. పచ్చిబియ్యం అన్నం, పెసరపప్పులో అరటికాయ, చేమదుంప, ఓవు అనే పుల్లకాయ వేసి ఉడకబెట్టిన దాల్మా, అంతే. ఉల్లి, వెల్లుల్లి, బంగాళదుంప, టమాటా ఏవీ ఉండవు. మా నాయనమ్మ అది చూసి మా అమ్మతో "మనం తద్దినానికి వండుకునేది వీళ్ళు నెల్లాళ్ళు తింటారేటే" అనేది. ఆఖరి అయిదు రోజుల్ని పంచుక అంటారు. ఆ అయిదు రోజులూ కొంగ కూడా చేప ముట్టదట. నేను చెరువు గట్టున కూచుని చూశాను. ముడుతుంది.

మా ఇంట్లో రాజీ ఏమిటంటే, వాళ్ళ కార్తీకం మొదలైన నాటి నుంచే, మనకింకా ఆశ్వయుజం అయినా సరే, మా వంటింట్లోనూ నీసు బంద్. ఒకే పెరడు కదా, చేపలు కడిగిన నీళ్ళు వాళ్ళ తులసికోట ముందు నుంచే పోతాయి, అది మర్యాద కాదని నాయనమ్మ. సరే, వాళ్ళ పున్నమి అయిపోయాక మనది అమావాస్య దాకా సాగనే సాగుతుంది. 30కి 15 కలిపితే 45. పలాసలో ఉన్న మా మేనత్త పిల్లలు 30 రోజులు మానితే చాలు, మాకు 45. సరిహద్దులో ఉన్నందుకు కట్టే పన్ను అనుకోండి.

ఏడో తరగతిలో నాకు ఒక లెక్క తట్టింది. మొదటి 15 రోజులు మనకి కార్తీకం కాదు, కాబట్టి వీధి చివర ఉన్న తెలుగు దోస్తు ఇంట్లో తినొచ్చు. ఆఖరి 15 రోజులు ఒడియావాళ్ళకి కార్తీకం కాదు, కాబట్టి మావుసి ఇంట్లో తినొచ్చు. అంటే తెలివైనవాడికి కార్తీకం 15 రోజులే. లెక్కల్లో అంత మంచి ఆలోచన నాకు మళ్ళీ ఎప్పుడూ రాలేదు.

కార్తీక పున్నమి తెల్లారుజామున ఒడియావాళ్ళు చిన్నచిన్న పడవలు చేసి, దీపం పెట్టి నీళ్ళలో వదులుతారు. మర్నాడు ఛాడఖాయి. నెల్లాళ్ళ పథ్యం విడిచి కడుపారా తినే రోజు. ఆ పొద్దున బరంపురంలో మటన్ కొట్ల ముందు లైన్లు చూసి తీరాలి, నిన్న కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టినవాళ్ళే ఇవాళ చీకటితోనే సంచులు పట్టుకుని నిలబడతారు. రేటు గురించి అడక్కండి, ఆ రోజు కొట్టువాడు చెప్పిందే రేటు. తూకంలో ఎముకెంత వేశావయ్యా అంటే పక్కకి తప్పుకోమంటాడు, వెనక ఇంకా యాభై మంది ఉన్నారు కదా. ఇప్పటికీ అంతే.

ఛాడఖాయి నాడు నాయనమ్మ పెరటి తలుపు మూసేసేది. వాళ్ళ పండగ వాళ్ళది, వాసన మాత్రం మనకొద్దు. ఆ ఏడు ఆవిడ శివాలయానికి వెళ్ళిన సమయం చూసి నేను తలుపు తీసుకుని వెళ్ళి, వాళ్ళబ్బాయి పక్కన పీట మీద కూచున్నాను. "నాయనమ్మకి చెప్పావా?" అంది మావుసి తనకొచ్చిన తెలుగులో. చెప్పానన్నాను. రెండుసార్లు అడిగింది, రెండుసార్లూ చెప్పానన్నాను. సగానికి కోసిన బంగాళదుంపలు, ఎర్రటి పులుసు, మూడు ముక్కలు, ఒక మూలుగ ఎముక. ఆ ఎముకని పళ్ళెంలో కొట్టి కొట్టి మూలుగ లాగిన చప్పుడు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

తర్వాత సబ్బుతో మూడుసార్లు చెయ్యి కడుక్కుని, జామాకు నమిలి ఇంటికొచ్చాను. అదే కొంప ముంచింది. గుడి నుంచి తెచ్చిన కొబ్బరిముక్క నా చేతిలో పెట్టబోయి నాయనమ్మ ఆగిపోయింది.

"మిట్టమధ్యాన్నం నీ చేతికి సబ్బు వాసనేట్రా?"

నాకు మాట రాలేదు. ఆవిడ మాంసం అనే మాట కూడా అనలేదు, ఆ నెలలో నోటితో కూడా అనదు. ఏటి తిన్నావని మాత్రం అడిగింది. ఇక తప్పదని నా లెక్క మొత్తం అప్పగించాను, వాళ్ళకి అయిపోయింది కదా, దేవుడికి రెండు కేలండర్లు ఉంటాయా అని. ఆవిడ ఒక్క క్షణం నిజంగానే ఆలోచించింది. "దేవుడి సంగతి దేవుడు చూసుకుంటాడు గానీ, నువ్వు ఏ ఇంటి పిల్లాడివో అది చెప్పు ముందు" అంది.

నూతి దగ్గర నిలబెట్టి నాలుగు చేదల నీళ్ళు గుమ్మరించింది. ఆ చప్పుడుకి మావుసి బయటికొచ్చింది. సంగతి తెలిసి నెత్తి కొట్టుకుంది. నన్ను తిట్టలేదు. నా చేత్తో వడ్డించాను కాబట్టి ఆ దోషం నాదే అంది. పిల్లాడు అబద్ధమాడాడు, మధ్యలో నీదేముందమ్మా అని నాయనమ్మ. కాదు, నాదే అని ఆవిడ. నేను తడిబట్టల్తో వణుకుతుంటే వాళ్ళిద్దరూ ఆ పాపం కోసం నాదంటే నాదని వాదించుకున్నారు. చివరికి మావుసి ఆ రాత్రి భోజనం మానేసింది, అదీ ఛాడఖాయి నాడు, నెల్లాళ్ళు ఆగి వండుకున్న కూర పొయ్యి మీద ఉండగా. ఆవిడ మానేసిందని నాయనమ్మా మానేసింది.

ఇద్దరిలో ఒక్కరూ జీర్ణశక్తి మాట ఎత్తలేదు.

ఇప్పుడు ఏటా కార్తీకం రాగానే ఫోన్‌లో ఒక మెసేజ్ వస్తుంది. చలికి జఠరాగ్ని తగ్గుతుంది, అందుకే మన ఋషులు మాంసం వద్దన్నారు అని, చివర మూడు దణ్ణాల బొమ్మలు. పంపేది చదువుకున్నవాళ్ళే, ఎక్కువమంది ఇంజనీర్లు. చరకసంహిత చెప్పేది దీనికి సరిగ్గా తిరగేసి ఉంటుంది, హేమంతంలో జఠరాగ్ని బలంగా ఉంటుంది, మాంసం తినమంటుంది. పోనీ తగ్గుతుందనే అనుకుందాం. మరి అదే నూతి నీళ్ళు తాగే మావుసి కుటుంబానికి పున్నమి మర్నాడే తిరిగొచ్చిన జఠరాగ్ని, గోడకి ఇటుపక్క ఉన్న నాకు ఇంకో 15 రోజులకి గాని రాకపోవడం ఏమిటి? ఇంతకన్నా మంచి ప్రయోగం ఏ ల్యాబ్‌లో చేస్తారు?

పంది సంగతీ అంతే. పందిమాంసంలో పురుగులుంటాయి, అందుకే యూదులకి, ముస్లింలకి వద్దన్నారంటారు. ఆ పురుగు మనుషుల్ని చంపగలదని డాక్టర్లు తేల్చిందే 1860లో. బైబిల్ పాత నిబంధనలో లేవీయకాండం 11వ అధ్యాయం తీసి చూడండి, పంది ఒక్కటే కాదు, ఒంటె ఉంది, కుందేలు ఉంది, రెక్కలూ పొలుసులూ లేని నీటి జీవులన్నీ ఉన్నాయి. అక్కడ చెప్పిన కారణం, పందికి డెక్క చీలింది గాని నెమరు వెయ్యదు, ఒంటె నెమరు వేస్తుంది గాని డెక్క చీలలేదు అని. పురుగు ఊసే లేదు. ఆ లెక్కన రొయ్యలూ పోయాయి, పీతలూ పోయాయి. చిలికా సరస్సు పీతలు తిని పెరిగిన మాకు ఆ అధ్యాయం చదవడమే కష్టం. ఇంతా చేసి ముస్లింలకి ఒంటె హలాలే. ఎండ ఒకటే, ఇసుక ఒకటే, ఒంటె మాత్రం ఒకరి కంచంలోకి వస్తుంది, ఇంకొకరి కంచంలోకి రాదు. మా పెరడే, కాస్త పెద్దది.

పూరీ జగన్నాథుడి వంటశాలలోకి బంగాళదుంప, టమాటా రానివ్వరు. వాటిలో విషం ఉందా? అమెరికా నుంచి ఓడలెక్కి వచ్చినవి, కొత్తవి, అంతే. టమాటాని ఒడియాలో బిలాతి బైగణ అంటారు, సీమ వంకాయ అన్నట్టు. పేరులోనే ఉంది, మనది కాదని. అదే గుడి ఆవరణలో విమలాదేవికి దసరాల్లో మేకని బలి ఇస్తారు, చేప నైవేద్యం పెడతారు. సీమ వంకాయకి లేని ప్రవేశం మేకకుంది.

అందుకే అంటాను, ఏది తింటే ఏమవుతుందన్నది కాదు, ఎవరు మనవాళ్ళు, ఎవరు కాదు అన్నది కంచం దగ్గర తేల్చుకున్నారు. ఆ రోజు నాయనమ్మ అడిగిందీ అదే. ఆ గీత చెరపాలన్నా మళ్ళీ తిండితోనే చెరిపారు, పూరీ గుడిలో ప్రసాదం అమ్మే ఆనందబజారులో మహాప్రసాదం దగ్గర పక్కనున్నవాడిది ఏ కులమని అడగరు.

అన్నట్టు, హైదరాబాద్‌లో ఇల్లు అద్దెకి వెతుక్కుంటుంటే ఓనర్ మొదటి ప్రశ్న వెజ్జా నాన్‌వెజ్జా అని. కార్తీకంలోనా, ఎవరి కార్తీకంలో అని అడుగుదామనుకున్నాను. మా ఊరి పేరు విని "ఒడియావాళ్ళా, ఎండుచేపలు వండుతారేమో" అన్నాడు. నేను తెలుగులోనే మాట్లాడుతున్నానయ్యా అంటే నమ్మలేదు. ఒడిశాలో మమ్మల్ని తెలెంగా అంటారు, ఇక్కడికొస్తే ఒడియా అంటారు, ఇల్లు మాత్రం ఎక్కడా సుళువుగా ఇవ్వరు. సరే, అది వేరే ప్రశ్న.

మావుసి సంగతి పూర్తి చేస్తాను. నన్ను తడిపిన మర్నాడు ఆవిడ గోడ దగ్గరకొచ్చి, మీ అమావాస్య అయిపోనీ, మర్నాడు నీకు చేపల పులుసు నేనే పెడతాను, అది నీ ఛాడఖాయి అంది. రోజులు లెక్కపెట్టుకున్నాను. పోలిపాడ్యమి వచ్చింది, నాయనమ్మ తెల్లారకుండానే అరటిదొప్పలో దీపాలు వదిలి వచ్చింది. తీరా చూస్తే ఆ రోజు గురువారం. మనకి మార్గశిరం అప్పుడే మొదలైంది గాని, వాళ్ళకి మొదలై 15 రోజులైంది. మార్గశిర గురువారం అంటే వాళ్ళకి మాణబసా, లక్ష్మీపూజ, ఇల్లంతా బియ్యప్పిండి ముగ్గులు, నీసు పేరెత్తడానికి వీల్లేదు. చేపల పులుసు అలా పోయింది, 46వ రోజున.

ఆ పూజకి ఇంకో నియమం కూడా ఉంది. ప్రసాదం ఇంట్లోవాళ్ళే తినాలి, బయటివాళ్ళకి ఇవ్వకూడదు, పెళ్ళి చేసి పంపిన ఆడపిల్లకి కూడా పెట్టరు. మధ్యాన్నం మావుసి గోడ దగ్గరకొచ్చింది. వెనక్కి తిరిగి అత్తగారు ఎక్కడుందో చూసుకుంది. గోడ మీంచి రెండు మండాపిఠాలు, కొబ్బరి, బెల్లం కూరి ఆవిరి మీద ఉడికించినవి, ఇంకా వేడిగా ఉన్నాయి, నా చేతిలో పెట్టి, ఇక్కడే తినెయ్యి అని సైగ చేసింది. అక్కడే తినేశాను. చేతులు లాగూకి తుడుచుకున్నాను, ఈసారి సబ్బు వాడలేదు.