కీలు లేకపోతే అన్నీ ఒకేసారి చెప్పు

తమ్ముడూ,

నువ్వు పంపిన పైథాన్ ఫంక్షన్ చదివాను. పని బాగానే చేస్తోంది. కానీ డిక్షనరీలో (ఒక్కో కీకి, అంటే పేరుకి, ఒక విలువ జతచేసి దాచేది) పేరు, ఈమెయిల్, వయసు అనే కీలు ఉన్నాయో లేదో చూడటానికి వరసగా ఇఫ్‌లు రాశావు. మొదటిది లేకపోతే అక్కడే ఎర్రర్ ఇచ్చి ఆగిపోతోంది. పంపినవాళ్లు పేరు చేర్చి మళ్లీ పంపితే ఈమెయిల్ లేదంటావు, అదీ చేరిస్తే వయసు లేదంటావు. అవతలివాళ్లను అలా తిప్పకు. ఏమేం లేవో ఒక్కసారే చెప్పెయ్.

కావాల్సిన కీలన్నీ ఒక సెట్‌లో (ఒక్కోటి ఒక్కసారే ఉండే గుంపు) పెట్టుకో. పైథాన్ 3లో డిక్షనరీకి కీస్ మెథడ్ వాడితే వచ్చేది కూడా సెట్‌లాగే పనిచేస్తుంది. నీ సెట్‌లోంచి దాన్ని మైనస్ చేస్తే మిగిలేవే లేని కీలు. ఏమీ మిగలకపోతే అన్నీ ఉన్నట్టే. ఉన్నాయా లేవా అన్నంతవరకే అయితే ఇజ్‌సబ్‌సెట్ (ఒక సెట్‌లోవన్నీ ఇంకోదాంట్లో ఉన్నాయా అని చూసే మెథడ్) చాలు గానీ, నేను మైనస్సే వాడతాను, మెసేజ్‌లో పేర్లు కనపడాలి కదా. వాటిని సార్టెడ్‌తో వరసలో పెట్టు. సెట్‌కు వరస ఉండదు, రన్ చేసినప్పుడల్లా మెసేజ్ మారిపోతే టెస్టులు ఊరికే ఫెయిలవుతాయి.

కావాల్సిన కీ ఒక్కటే అయినప్పుడు జాగ్రత్త. 'ఈమెయిల్' అనే స్ట్రింగ్‌ను నేరుగా సెట్ ఫంక్షన్‌కు ఇస్తే దాన్ని అక్షరాలుగా విడగొడుతుంది, ఒక్కో అక్షరం ఒక్కో కీ అయిపోతుంది. ఫ్లవర్ బ్రాకెట్లలో రాస్తే ఆ గొడవ ఉండదు.

డిక్షనరీ గెట్ మెథడ్‌తో విలువ తెచ్చి ఇఫ్‌లో పెట్టే అలవాటు మాత్రం మానెయ్. స్టాక్ 0 అని ఎవరైనా నిజాయితీగా పంపినా, ఇఫ్ 0ని ఫాల్స్‌లాగే చూస్తుంది కాబట్టి నీ కోడ్ ఆ కీ లేదనుకుంటుంది. ఖాళీ స్ట్రింగ్‌కీ, ఫాల్స్‌కీ అదే గతి. జేసన్‌లో (డేటా పంపుకునే ఫార్మాట్) నల్ వస్తే ఇంకో చిక్కు: కీ ఉంటుంది, విలువ నన్, అంటే పైథాన్‌లో 'ఏమీ లేదు'. కీ చెక్ దాటేస్తుంది, తర్వాతెక్కడో పగులుతుంది. కీ ఉందా అన్నది ఒక ప్రశ్న, విలువ పనికొస్తుందా అన్నది వేరే ప్రశ్న. రెండూ ఒకే ఇఫ్‌లో కలపకు.

ఈ చెక్ డేటా లోపలికొచ్చే చోట ఒక్కసారి చేస్తే చాలు. లోపల అడ్రస్ లాంటి ఇంకో డిక్షనరీ ఉంటే, దాని కీలు అక్కడే విడిగా చూడు. టైప్డ్‌డిక్ట్ (డిక్షనరీలో ఏ కీలు, ఏ రకం విలువలు ఉండాలో చెప్పేది) రాశాను కదా అని ఈ చెక్ తీసెయ్యకు. అది కోడ్‌ను రన్ చెయ్యకుండానే చూసే టైప్ చెకర్‌కు పనికొస్తుంది గానీ, ప్రోగ్రామ్ రన్ అయ్యేటప్పుడు కీలు ఉన్నాయో లేవో చూడదు.

మీ అన్నయ్య