పుట్టగొడుగుల గడ్డితో బోరు నీళ్ళలోని లోహాలు పోతాయా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది: రాయగడ దగ్గర మీ ఊళ్ళో బోరు నీళ్ళు ఎర్రగా వస్తున్నాయి. మీ మహిళా సంఘం ఆయిస్టర్ పుట్టగొడుగులు పెంచుతోంది. కోతలు అయిపోయాక మిగిలే గడ్డి బెడ్లను డ్రమ్ములో కూరి, ఆ నీళ్ళు అందులోంచి వడకట్టుకుంటే సీసం, క్రోమియం లాంటివి పోతాయా అని అడిగారు. శిలీంధ్రాలు లోహాలను పీల్చేస్తాయని వీడియోలో చూశామన్నారు.

తాగే నీళ్ళకు మాత్రం వద్దండి. ఇంట్లో చిన్నపిల్లలున్నారని రాశారు కాబట్టి ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. అలాగని వీడియోలో చెప్పింది అబద్ధమేం కాదు. బరంపురంలో ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చదివినప్పుడు నా ప్రాజెక్టు ఇదే. ఇప్పుడు గుణుపురంలో ఉంటున్నాను, ఈ పక్క బోర్ల సంగతీ కొంత తెలుసు.

మేం వాడింది ఆస్పర్‌జిల్లస్ నైజర్. ఉల్లిపాయల పొరల మధ్య నల్లగా పొడిపొడిగా కనిపించే బూజు అదే, పుట్టగొడుగులాగే అదీ శిలీంధ్రమే. దాన్ని పెంచి, వడకట్టి, కడిగి, ఓవెన్‌లో ఎండబెట్టి పొడి చేసేవాళ్ళం. అంటే చచ్చిన బూజన్నమాట. పని చెయ్యడానికి అది బతికి ఉండక్కర్లేదు. బూజు కణాల గోడలో కైటిన్, గ్లూకాన్ లాంటి పదార్థాలుంటాయి. వాటికి అంటిపెట్టుకుని ఉండే కార్బాక్సిల్, ఫాస్ఫేట్, అమైన్ అనే రసాయన గుంపులు నీళ్ళలోని లోహపు అయాన్లను పట్టుకుంటాయి. 1980ల మొదట్లోనే కెనడాలోని మెక్‌గిల్ యూనివర్సిటీలో ట్సెజోస్, వోలెస్కీ అనే పరిశోధకులు రైజోపస్ అనే బూజు ఎండుపొడి గ్రాముకు 180 మిల్లీగ్రాములకు పైగా యురేనియం పట్టగలదని చూపించారు. కాబట్టి దీని శక్తి మీద నాకు అనుమానం లేదు.

మా ఫ్లాస్కులో జరిగింది చెబుతాను, మీ డ్రమ్ముకు అదే ముఖ్యం. పొటాషియం డైక్రోమేట్ కలిపిన నీళ్ళు పసుపుపచ్చగా ఉంటాయి. అందులో ఉండేది ఆరు వేలెన్సీ క్రోమియం, అంటే విషం ఎక్కువున్న రూపం. బూజు పొడి వేసి షేకర్ మీద పెడితే ఆ పసుపు మెల్లగా పలచబడి, చివరికి నీళ్ళు తేటగా అయిపోయేవి. ఆరు వేలెన్సీ క్రోమియాన్ని పట్టిచ్చే డైఫినైల్ కార్బజైడ్ చుక్కలు వేస్తే రావాల్సిన ఊదా రంగు కూడా రాలేదు. మా గైడ్ మేడమ్ అక్కడితో ఆగనివ్వలేదు, మొత్తం క్రోమియం ఎంతుందో కూడా చూడమన్నారు. చూస్తే లోహంలో కొంత భాగం ఇంకా నీళ్ళలోనే ఉంది. బూజు దాన్ని మూడు వేలెన్సీ క్రోమియంగా మార్చింది, అందులో కొంతే తన దగ్గర పట్టుకుంది. మూడు వేలెన్సీది విషం చాలా తక్కువే, కానీ అది నీళ్ళలోంచి పోలేదు కదా. రంగు చూసి నీళ్ళను నమ్మకూడదని అప్పటినుంచి నాకు గట్టిగా పట్టుకుంది.

పైగా క్రోమియానికి ఈ పద్ధతి బాగా పనిచేసేది పీహెచ్ (పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 2 దగ్గర. అంటే నిమ్మరసమంత పులుపు. సీసానికి, కాడ్మియం అనే మరో విష లోహానికి 4 నుంచి 6 మధ్య ఉండాలి. మీ బోరులో ఇనుము, కాల్షియం ఎక్కువుంటే అవి కూడా అదే చోటు కోసం పోటీ పడతాయి. బెడ్ ఎప్పుడు నిండిపోయిందో కంటికి తెలియదు. నిండాక నీళ్ళు వచ్చినవి వచ్చినట్టే దిగిపోతాయి, మీరేమో శుద్ధి అవుతున్నాయనుకుని తాగుతుంటారు. తడి గడ్డి కుళ్ళి నీళ్ళకు వాసన, రంగు, బ్యాక్టీరియా చేరడం వేరే సమస్య.

వీడియోల్లో ఎవరూ చెప్పని సంగతి ఇంకొకటుంది. బూజు లోహాన్ని తినేసి మాయం చెయ్యదు. సీసం సీసంగానే ఉంటుంది, నీళ్ళలోంచి గడ్డిలోకి మారుతుందంతే. ల్యాబులో అయితే పలచటి యాసిడ్‌తో కడిగి దాన్ని విడిపించి, ఆ ద్రావణాన్ని విడిగా దాస్తాం. ఊళ్ళో ఆ బెడ్ ఎక్కడికి పోతుంది? మామూలుగా అలవాటైనట్టు ఎరువుగా వంగ మడికో, పెంటకుప్పకో పోతుంది. కాల్చినా సీసం బూడిదలో మిగులుతుంది. వానకు కొట్టుకుపోయి నాగావళిలో పడితే కింద తోటపల్లి, శ్రీకాకుళం వైపు మనవాళ్ళకే చేరుతుంది. అందుకే ఈ పని ఫ్యాక్టరీ మురుగునీటి దగ్గర, పీహెచ్ సరిచేసే ట్యాంకులు, వాడేసిన పొడికి లెక్కా జాగా ఉన్న చోట జరగాలి. ఒడిశాలోని సుకిందా లోయ లాంటి క్రోమైట్ (క్రోమియం ఖనిజం) గనుల చోట్ల దీని అవసరం నిజంగా ఉంది. అలాంటి చోట ఇది పెద్ద ఎత్తున రావాలని నా కోరిక.

ఇక మీ ఎరుపు సంగతి. బోరు కొట్టగానే తేటగా ఉండి, బకెట్‌లో కాసేపు నిలవుంచితే ఎర్రబడి అడుగున తుప్పు రంగు మడ్డి దిగుతోందా? అయితే అది చాలావరకు ఇనుమే. నాలుగు జామాకులు నలిపి గ్లాసు నీళ్ళలో వేసి చూడండి, ఇనుముంటే నీళ్ళు ఊదాగా, నల్లగా మారతాయి. దానికి బూజు అక్కర్లేదు. నీళ్ళకు బాగా గాలి తగిలేలా ఎత్తునుంచి పోసి, తేరనిచ్చి, ఇసుక ఫిల్టర్ గుండా పంపితే చాలావరకు తగ్గుతుంది. భువనేశ్వర్‌లోని ఐఎంఎంటీ అనే ఖనిజ పరిశోధన సంస్థ వాళ్ళు ఎర్రమట్టి, ఇసుక, రంపపు పొట్టు కలిపి కాల్చి చేసిన టెరాఫిల్ ఫిల్టర్ కూడా ఇనుముకు, మడ్డికి పనికొస్తుంది.

అయితే జామాకు సీసం గురించి ఏమీ చెప్పదు. తాగునీటి ప్రమాణం ప్రకారం లీటరుకు సీసం 0.01 మిల్లీగ్రాములు, కాడ్మియం 0.003, మొత్తం క్రోమియం 0.05 దాటకూడదు. ఇంత కొద్ది మోతాదు కంటికీ నాలుకకూ అందదు. కాచినా పోవు, నీళ్ళు ఆవిరై ఇంకా చిక్కబడతాయి. కాబట్టి జిల్లాలో గ్రామీణ నీటి సరఫరా శాఖ, అంటే ఆర్‌డబ్ల్యూఎస్‌ఎస్ వాళ్ళ నీటి పరీక్షల ల్యాబుకు వెళ్ళి, లోహాలు కూడా చూడాలని ప్రత్యేకంగా అడగండి. మామూలు టెస్టులో పీహెచ్, ఇనుము, ఫ్లోరైడ్ లాంటివి చూసి వదిలేస్తారు. అక్కడ లోహాల పరీక్ష లేకపోతే ఎక్కడికి పంపాలో వాళ్ళనే చెప్పమనండి. సీసా కూడా అక్కడే తీసుకోండి. లోహాలు సీసా గోడకు అంటుకోకుండా అందులో నైట్రిక్ యాసిడ్ చుక్కలు వేసి ఇస్తారు, దాన్ని కడగకండి, పిల్లలకు అందనివ్వకండి. బోరు నీళ్ళు కాసేపు పారనిచ్చాకే సీసాలో పట్టండి.

సీసమో క్రోమియమో ఎక్కువుందని తేలితే ఆ బోరు తాగడానికి ఆపేసి, వేరే నీటి కోసం పంచాయతీని గట్టిగా అడగండి. ఈలోగా తప్పదనుకుంటే ఇంటికి ఆర్‌ఓ పెట్టుకోండి. దానినుంచి బయటికొచ్చే నీళ్ళలో లోహం ఇంకా చిక్కగా ఉంటుంది, కూరపాదులకు పొయ్యకండి.

సంఘం వాళ్ళకు కూడా ఒక మాట చెప్పండి: రిపోర్టు వచ్చేదాకా బెడ్లు తడపడానికి ఆ బోరు నీళ్ళు వాడొద్దని. ఆయిస్టర్ పుట్టగొడుగులు కాడ్మియాన్ని తమలోకి లాక్కుంటాయి, వాటిని మీరే తింటారు, మీరే అమ్ముతారు. రిపోర్టు రాగానే అంకెలు ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.