గనులు తవ్వి వదిలేసిన నేలను బాగుచేసే చదువు ఉందా?

ప్రశ్న: మాది కుప్పం దగ్గర పల్లె. మా అమ్మాయి బైపీసీ పూర్తిచేసింది. నీట్ లాంగ్‌టర్మ్ కోచింగ్‌కు పంపుతానంటే వద్దంటోంది. గనులు తవ్వి వదిలేసిన భూముల్లో మళ్లీ పచ్చదనం తెచ్చే చదువు కావాలంటోంది. దానికి కోర్సు ఉందా? ఉద్యోగం దొరుకుతుందా?

జవాబు: అమ్మాయి కోరిక నాకు చాలా నచ్చింది. భారత్ గోల్డ్ మైన్స్ 2001లో మూతపడ్డాక మీ దగ్గరి చిగురుగుంట బంగారు గనిలో పని ఆగిపోయింది. గ్రానైట్ క్వారీలు సరేసరి. ఆమె చూస్తూ పెరిగిన సమస్యే ఇది.

సరిగ్గా ఈ పేరుతో డిగ్రీ కోసం వెతక్కండి. ఈ పనికి మూలం మట్టి శాస్త్రం. తవ్వకంలో ముందుగా పోయేది పైమట్టి. మిగిలిన రాతిపొడిలో సేంద్రియ కర్బనం, నత్రజని దాదాపు ఉండవు. లారీలు తిరిగి గట్టిపడిన నేలలో నీరు ఇంకదు. అలాంటిచోట గుంత తీసి, ఎర్రమట్టి నింపి వేపమొక్క నాటితే మొదట్లో నవనవలాడుతుంది. వేరు ఆ మట్టి దాటి రాయిని తాకగానే గిడసబారుతుంది. అందుకే ముందు చెరువు పూడికమట్టి, పశువుల ఎరువు వేసి, గడ్డి, జనుము లాంటివి పెంచి, ఆ తర్వాతే కానుగ వంటి చెట్లకు వెళ్లాలి. ఈ వరుస తెలిసినవారు తక్కువ.

కాబట్టి నా మొదటి ఎంపిక బీఎస్సీ అగ్రికల్చర్, ఆపై మృత్తికా శాస్త్రంలో, అంటే మట్టి శాస్త్రంలో, ఎమ్మెస్సీ. తిరుపతిలోనే ఎస్వీ వ్యవసాయ కళాశాల ఉంది. ప్రవేశం ఈఏపీసెట్ ద్వారా. ర్యాంకు చాలకపోతే బాటనీ, కెమిస్ట్రీలతో డిగ్రీ చేసి పర్యావరణ శాస్త్రంలో పీజీకి వెళ్లవచ్చు.

ఉద్యోగాల మాట దాచకుండా చెబుతాను. కుప్పంలోనే కావాలంటే కష్టం. 2017 నాటి ఖనిజ సంరక్షణ, అభివృద్ధి నియమాల ప్రకారం ప్రధాన ఖనిజాల గనులకు మూసివేత ప్రణాళిక, అంటే తవ్వకం ముగిశాక నేలను ఎలా బాగుచేస్తారో చెప్పే పత్రం, తప్పనిసరి. ఆ పనులు గని కంపెనీల పర్యావరణ విభాగాల్లో, వాటికి నివేదికలు రాసే కన్సల్టెన్సీల్లో ఉంటాయి. ఒడిశాకో ఛత్తీస్‌గఢ్‌కో వెళ్లి, ఎండలో తిరగాల్సి రావచ్చు. ఇండియన్ ఫారెస్ట్ సర్వీసు పరీక్షకు వ్యవసాయ, బాటనీ డిగ్రీలు రెండూ పనికొస్తాయి.

ఫీజు కట్టేముందు ఒక పని చేయించండి. రెండు కుండీల్లో, ఒకదాంట్లో క్వారీ దుమ్ము, ఇంకోదాంట్లో పొలం మట్టి నింపి ఉలవలు వేయమనండి. నెల తర్వాత మొక్కలు పీకి, వేళ్ల బుడిపెలను గోటితో చీల్చి చూడమనండి. లోపల గులాబీ రంగు ఉంటే వాటిలోని బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టుకుంటున్నట్టు. దుమ్ములో అసలు బుడిపెలే రాకపోవచ్చు. ఎందుకని ఆమె పుస్తకాలు తిరగేస్తే, లాంగ్‌టర్మ్ డబ్బు ఈ చదువుకే పెట్టండి. బంగారం తీశాక గని దగ్గర పారబోసిన మడ్డి మాత్రం తెచ్చుకోనివ్వకండి; సైనైడ్, ఆర్సెనిక్ ఆనవాళ్లు ఉండవచ్చు.