సీఆర్‌పీ సంగతి తర్వాత, ముందు మధ్యాహ్నం ఇంజెక్షన్ సంగతి చూడండి

ప్రశ్న: మా అబ్బాయికి 17 ఏళ్లు. విజయవాడలో హాస్టల్లో ఉండి ఇంటర్ సెకండియర్ చదువుతున్నాడు. తొమ్మిదో ఏట టైప్ 1 షుగర్ వచ్చింది. మొన్న జ్వరమొచ్చి ఇంటికొస్తే పరీక్షలు చేయించాం, హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్) 9.2, సీఆర్‌పీ (ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్, అంటే లోపలి వాపును చూపే రక్తపరీక్ష) 6 ఉన్నాయి. రక్తనాళాల్లో ఇన్‌ఫ్లమేషన్ ఉందట, గుండెకు ముప్పట. ఈ వయసులోనేనా? నిద్ర పట్టడం లేదు. – ఒక తల్లి, గుంటూరు

జవాబు: అమ్మా, ఆ 6 చూసి టెన్షన్ పడకండి. జ్వరం, పంటి నొప్పి, గొంతు నొప్పి, ఏది ఉన్నా సీఆర్‌పీ పెరుగుతుంది. ఒంట్లో బాగున్నప్పుడు, రెండు మూడు వారాలాగి హెచ్‌ఎస్-సీఆర్‌పీ (అదే పరీక్ష, ఇంకా సూక్ష్మంగా కొలిచేది) చేయిస్తేనే ఆ అంకెకు అర్థం. అసలు పిల్లలకు ఆ పరీక్ష తప్పనిసరి కూడా కాదు.

నన్ను కలవరపెడుతున్నది 9.2. షుగర్ ఎక్కువగా ఉంటే రక్తనాళం లోపలి పొర దెబ్బతింటుంది, తెల్ల కణాలు దానికి అతుక్కుంటాయి, నాళం మెత్తదనం పోయి మెల్లగా బిరుసెక్కుతుంది. నొప్పీ ఉండదు, ఆయాసమూ ఉండదు. టైప్ 1 ఉన్న పిల్లల్లో ఈ మార్పులు టీనేజ్‌లోనే మొదలవుతాయి. అంటే మీవాడికి గుండె జబ్బు వచ్చేసిందని కాదు, అడ్డుకోవడానికి ఇదే మంచి సమయమని.

అమెరికా, కెనడాల్లో 1983లో మొదలుపెట్టి 1,441 మంది టైప్ 1 వాళ్లను రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు షుగర్‌ను గట్టిగా అదుపులో పెట్టే చికిత్స, రెండో గుంపుకు అప్పటి మామూలు చికిత్స ఇచ్చి, సగటున ఆరున్నరేళ్లు గమనించారు. షుగర్‌ను గట్టిగా అదుపులో పెట్టినవాళ్లకు, రెండో గుంపుతో పోలిస్తే, ఆ తర్వాత రెండు గుంపుల షుగర్లూ దాదాపు ఒకటైపోయినా సరే, గుండె, రక్తనాళాల జబ్బులు 42 శాతం తక్కువగా వచ్చాయని 2005లో తేలింది. చిన్న వయసులో పడిన కష్టాన్ని ఒళ్లు అన్నేళ్లు గుర్తుపెట్టుకుంది! అందుకే ఇంటర్ అయ్యాక చూసుకుందాంలే అనకండి.

ఇక వాడిని కూర్చోబెట్టి, తిట్టకుండా ఒక్కటే అడగండి: మధ్యాహ్నం ఇన్సులిన్ వేసుకుంటున్నావా అని. నేను చూసిన హాస్టల్ పిల్లల్లో చాలామంది స్నేహితుల ముందు సిగ్గుపడో, స్టడీ అవర్‌కి ఆలస్యమవుతుందనో అదే మానేస్తారు. వార్డెన్‌తో మీరే మాట్లాడి ఒక చోటు, ఒక పది నిమిషాలు ఇప్పించండి. డోసు మాత్రం డాక్టరే మార్చాలి, తొందరపడి పెంచితే లో షుగర్ వస్తుంది.

బీపీ 120/80 లోపు, ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 100 లోపు ఉండాలి, ఏడాదికోసారి యూరిన్ అల్బుమిన్ (కిడ్నీల కోసం చేసే మూత్ర పరీక్ష), కంటి పరీక్ష చేయించాలి. సిగరెట్ సంగతి కూడా అడగండి, అడగడానికి మొహమాటం వద్దు.

ఇంకోటి, మన ఎండలు. హాస్టల్లో ఫ్రిజ్ లేకపోతే ఇన్సులిన్‌ను గాలి చొరబడని చిన్న డబ్బాలో పెట్టి, నీళ్లు పోసిన మట్టికుండలో నీడపట్టున ఉంచమనండి. మే నెలలో సూట్‌కేసులో పడేసిన మందు పని చెయ్యదు, వాడేమో వేసుకుంటున్నాననే అనుకుంటాడు.