రాత్రి వేళ మీడియం వేవ్: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మాది ఒంగోలు. పగలంతా విజయవాడ ఆకాశవాణి 837 కిలోహెర్ట్జ్‌పై శుభ్రంగా వినిపిస్తుంది. రాత్రి ఎనిమిది దాటిందంటే గొంతు పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది, నడుమ నడుమ మాట అర్థం కాకుండా గరగరమంటుంది. అదే సమయంలో ఎక్కడెక్కడివో తమిళ, హిందీ స్టేషన్లు బాగానే పలుకుతాయి. సెట్టు పాడైందంటారా, లేక అక్కడ ట్రాన్స్‌మిటర్ శక్తి తగ్గిస్తున్నారంటారా?

జవాబు: మీ సెట్టును అనుమానించనక్కర్లేదు, విజయవాడ వారినీ అనుమానించనక్కర్లేదు. మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్ నుంచి బయలుదేరిన తరంగాల్లో కొంత నేలను అంటిపెట్టుకుని సాగుతుంది. దీన్ని భూతరంగం అంటారు. పైకి వెళ్లేది ఆకాశతరంగం. పగటిపూట సుమారు 60 నుంచి 90 కిలోమీటర్ల ఎత్తున, సూర్యుని వికిరణం తాకిడికి గాలి అణువుల నుంచి ఎలక్ట్రాన్లు విడివడి ‘డి’ పొర ఏర్పడుతుంది. అది మీడియం వేవ్ తరంగాలను వెనక్కి పంపదు, మింగేస్తుంది. అందువల్ల పగలు మీ రేడియోకు చేరేది భూతరంగం ఒక్కటే, అది నిలకడగా ఉంటుంది. పొద్దుగూకాక, ఆ ఎత్తున గాలి ఇంకా కొంత దట్టంగానే ఉంటుంది కనుక, విడివడిన ఎలక్ట్రాన్లు త్వరగా తిరిగి కలిసిపోయి ‘డి’ పొర దాదాపు మాయమవుతుంది. దానికి పైన ఉండే ‘ఇ’, ‘ఎఫ్’ పొరలు బలహీనపడినా రాత్రంతా నిలుస్తాయి. వాటి దాకా వెళ్లిన తరంగం వంగి, వందల కిలోమీటర్ల అవతల నేలకు దిగుతుంది. దూరపు స్టేషన్లు మీకు వినిపిస్తున్నది ఈ దారినే.

అయితే అలా పైకి వెళ్లి దిగే తరంగం విజయవాడకూ ఉంటుంది కదా. ఒంగోలు అక్కడికి సూటిగా కొలిస్తే సుమారు 130 కిలోమీటర్లు. ఇంత దూరం వచ్చేసరికి భూతరంగం సన్నగిల్లి, పైనుంచి దిగే ఆకాశతరంగంతో బలంలో ఇంచుమించు సమానమవుతుంది. ఒకే ప్రసారం రెండు దారుల్లో వచ్చి ఒకే ఏరియల్‌పై కలిసినప్పుడు రెండూ ఒకదానికొకటి తోడైతే గొంతు పెరుగుతుంది, ఎదురైతే పడిపోతుంది. 837 కిలోహెర్ట్జ్ తరంగదైర్ఘ్యం సుమారు 358 మీటర్లు. ఆకాశతరంగం వచ్చే దారి అందులో సగం, అంటే 180 మీటర్ల దాకా, పెరిగినా తరిగినా తోడు కాస్తా ఎదురవుతుంది. అందుకు వంద కిలోమీటర్లకు పైన ఉన్న పొర సుమారు వంద మీటర్లు కదిలితే చాలు, రాత్రంతా అది కదులుతూనే ఉంటుంది. పైగా ఒక ప్రసారంలోని అన్ని పౌనఃపున్యాలూ ఒకేసారి రద్దు కావు. మాటను మోసుకొచ్చే మూల తరంగం, అంటే వాహక తరంగం, పడిపోయి, దాని పక్కన మాటను మోసే భాగాలు మిగిలిపోయిన క్షణంలో రేడియో ఆ మాటను సరిగా విప్పలేదు. మీరు గరగర అంటున్నది దానినే. చెన్నై, బెంగళూరు వంటి దూరపు స్టేషన్ల భూతరంగం మీ దాకా రాదు కనుక వాటికి ఈ కొట్లాట చాలా తక్కువ. వాటి గొంతూ రాత్రిపూట ఊగుతుంది, కానీ మాట మరీ ఇంతగా చెడిపోదు.

మీరు గమనించినదే దాదాపు వందేళ్ల కిందట కేంబ్రిడ్జిలో భౌతిక శాస్త్రవేత్త ఎడ్వర్డ్ ఆపిల్టన్ గమనించారు. లండన్ బీబీసీ పగలు నిలకడగా ఉండి, రాత్రి ఊగిసలాడడం ఆయనను ఆలోచింపజేసింది. పైన తరంగాలను తిప్పి పంపే పొర ఒకటి ఉండాలని 1902లోనే కెనెల్లీ, హెవిసైడ్ అనే ఇంజనీర్లు విడివిడిగా ఊహించారు. 1924 డిసెంబరులో ఇంగ్లండ్‌లోని బోర్న్‌మత్ ట్రాన్స్‌మిటర్ పౌనఃపున్యాన్ని కొద్దికొద్దిగా మార్పిస్తూ, ఆక్స్‌ఫర్డ్‌లో గొంతు ఎన్నిసార్లు పెరిగి తగ్గిందో లెక్కగట్టి, ఆపిల్టన్ ఆ పొర ఎత్తును కొలిచారు. 1947లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

ఇక మీరు చేయగలిగింది కొద్దిగానే ఉంది. ప్రసార స్తంభాన్ని తరంగదైర్ఘ్యంలో సగానికి కాస్త మించి, 837కైతే సుమారు 190 మీటర్ల ఎత్తున నిలబెడితే నిటారుగా పైకి పోయే శక్తి తగ్గి, ఈ బెడద మొదలయ్యే చోటు మరింత దూరం జరుగుతుంది. అది శ్రోత చేతిలో పని కాదు. ఎఫ్‌ఎం అందే చోట రాత్రిపూట అందులో వినడం మేలు.

ప్రశ్న: అమెరికా నుంచి మా అమ్మాయి డిజిటల్ రేడియో తెచ్చింది. అందులో చెన్నై, కడప చక్కగా వస్తున్నాయి, విజయవాడ మాత్రం 840 దగ్గర కీచుగా, మసకగా వస్తోంది. ఎందుకు? (నెల్లూరు)

జవాబు: 1975లో జెనీవాలో కుదిరిన ప్రణాళిక ప్రకారం ఆసియా, ఐరోపా, ఆఫ్రికాల్లో మీడియం వేవ్ స్టేషన్లు 9 కిలోహెర్ట్జ్ ఎడంలో ఉంటాయి. అమెరికా ఖండాల్లో ఆ ఎడం 10. మీ సెట్టు పది పదిగా గెంతుతోంది. చెన్నై 720, కడప 900 రెండు లెక్కలకూ సరిపోయే అంకెలు కాబట్టి దొరుకుతున్నాయి. 837 తొమ్మిదికే లొంగుతుంది, కాబట్టి మీరు దానికి 3 కిలోహెర్ట్జ్ పక్కన నిలబడి వింటున్నారు. హైదరాబాదు 738 కూడా మీకు 740 దగ్గర ఇలాగే చిక్కుతుంది. చాలా సెట్లలో 9, 10 మధ్య మార్చే ఏర్పాటు ఉంటుంది. వెనుక చిన్న స్విచ్ ఉందేమో, లేదా సెట్టు ఆపి ఉన్నప్పుడు ఏదైనా మీట నొక్కి పట్టుకోమని మాన్యువల్‌లో ఉందేమో చూడండి. ముల్లు తిప్పే పాతకాలపు సెట్టుకు ఈ తగాదాయే లేదు.

ప్రశ్న: ఆకాశవాణి నేషనల్ ఛానల్ రాత్రిపూట మాత్రమే ఎందుకు వచ్చేది? (కరీంనగర్)

జవాబు: ఆకాశతరంగాన్ని నమ్ముకున్న ఛానల్ అది. 1988లో నాగపూర్ నుంచి 1566 కిలోహెర్ట్జ్‌పై, 1000 కిలోవాట్ల శక్తితో మొదలైంది. పౌనఃపున్యం పెరిగేకొద్దీ భూతరంగం త్వరగా నీరసిస్తుంది. మీడియం వేవ్‌లో ఇంచుమించు చివరనున్న 1566పై ఎంత శక్తి పోసినా పగలు చేరే దూరం తక్కువే. రాత్రయితే నాగపూర్ నుంచి ఇటు కన్యాకుమారి, అటు శ్రీనగర్ రెండూ దాదాపు 1,500 కిలోమీటర్లు, ఆకాశతరంగం ఒక్క గెంతులో అందుకోగల దూరం. దేశం నడుమ స్థలాన్ని, చీకటి వేళను ఎంచుకోవడం చాలా తెలివైన లెక్క అని నా అభిప్రాయం. ఆ ఛానల్ తరువాత మూతపడింది.

ప్రశ్న: డల్లాస్‌లో మేం వినే ఏఎం (ఇక్కడ మీడియం వేవ్‌ను అలాగే అంటారు) స్టేషన్ చీకటి పడగానే నీరసించిపోతుంది. ఆకాశతరంగం రాత్రే కదా ఎక్కువ దూరం పోయేది? (అమెరికా)

జవాబు: ఎక్కువ దూరం పోతుంది కాబట్టే తగ్గిస్తారు. ఒకే పౌనఃపున్యాన్ని అనేక ఊళ్లలో పంచుకున్న చోట, పగలు ఒకరికొకరు అడ్డురాని స్టేషన్లు రాత్రి ఒకదానిపై ఒకటి పడతాయి. అందుకే అక్కడి ప్రసార నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ ఎన్నో స్టేషన్లను రాత్రిపూట శక్తి తగ్గించమని, లేదా ప్రసారాన్ని ఒక దిక్కుకే మళ్లించమని, కొన్నింటిని పూర్తిగా ఆపమని ఆదేశిస్తుంది. 1934లో సిన్సినాటీ స్టేషన్ డబ్ల్యూఎల్‌డబ్ల్యూ 700 కిలోహెర్ట్జ్‌పై 500 కిలోవాట్లతో ప్రసారం ప్రారంభించినప్పుడు, 690పై ఉన్న టొరంటో స్టేషన్‌కు రాత్రిళ్లు అడ్డు తగులుతోందని కెనడా ఫిర్యాదు చేసింది. ఆ వైపు శక్తి తగ్గించే ఏరియల్ కట్టుకునేదాకా రాత్రి 50 కిలోవాట్లకే పరిమితం కావలసి వచ్చింది. నేడు అమెరికాలో ఏ ఏఎం స్టేషన్‌కైనా అదే గరిష్ఠ పరిమితి.

ప్రశ్న: దూరపు స్టేషన్ల కోసం యాంటెనా ఎంత పైకి లాగినా బుర్రుమనే మోతే వస్తోంది. ఏం చేయాలి? (రాజమహేంద్రవరం)

జవాబు: బయటికి లాగే కడ్డీ ఎఫ్‌ఎంకూ, షార్ట్ వేవ్‌కూ పనికొస్తుంది. మీడియం వేవ్‌కు సెట్టు లోపల తీగ చుట్టిన ఫెర్రైట్ కడ్డీ ఉంటుంది. ఎక్కువ సెట్లలో అది పొడవు వైపున అమర్చి ఉంటుంది. ఆ కడ్డీ స్టేషన్ దిక్కుకు అడ్డంగా ఉంటే గొంతు బలంగా వస్తుంది, కొన అటువైపు తిరిగితే పడిపోతుంది. కాబట్టి యాంటెనాను వదిలేసి సెట్టునే మెల్లగా తిప్పండి. మోత ఎక్కువగా ఎల్‌ఈడీ బల్బులు, ఫోన్ చార్జర్లు, ఇన్వర్టర్ల నుంచి పుడుతుంది. రేడియోను బ్యాటరీలపై నడుపుతూ ఒక్కొక్క స్విచ్ ఆపి చూస్తే దొంగ దొరుకుతుంది. అన్నీ ఆపినా మోత తగ్గకపోతే అది పక్కింటి నుంచో వీధి దీపాల నుంచో వస్తున్నట్టు లెక్క, అప్పుడు సెట్టుతో మేడ మీదికి వెళ్లడం మంచిది.