ఓడిన సాయంత్రానికి ముందే సిద్ధపడు

చిరంజీవి చిన్నీకి మామయ్య ఆశీస్సులు.

పదిమందే ఆడే పెద్ద చెస్ టోర్నీకి నిన్ను పిలిచారని మీ నాన్న ఫోన్ చేసినప్పటి నుంచి ఇంటిల్లిపాదికీ ఒకటే సంబరం. ఓపెనింగుల సంగతి, అంటే ఆట మొదట్లో వేసే ఎత్తుల సంగతి, మీ కోచ్ చూసుకుంటారు. నేను చెప్పేది వేరే. ఓడిన రోజు సాయంత్రం ఏం చేయాలో ఇంట్లో ఉండగానే తేల్చుకో.

ఎవరైనా ఆడే ఓపెన్ టోర్నీలో ఓడితే మర్నాడు కాస్త తేలిక ప్రత్యర్థి తగలొచ్చు, తేరుకోవచ్చు. ఇక్కడ అందరూ గట్టివాళ్లే, ఆ వెసులుబాటు ఉండదు. నువ్వు డీలా పడ్డావని పసిగడితే, డ్రా చాలనుకుని వచ్చినవాళ్లు కూడా గెలుపు కోసం పట్టుబడతారు.

2024 ఏప్రిల్‌లో టొరంటోలో, ప్రపంచ చాంపియన్‌తో తలపడేవాణ్ని తేల్చే క్యాండిడేట్స్ టోర్నీ ఏడో రౌండ్‌లో, మన గుకేశ్ గడియారంలో సమయం చాలక ఫ్రాన్స్ ఆటగాడు ఫిరౌజా చేతిలో ఓడాడు. ఆ టోర్నీలో నలభై ఎత్తులు పూర్తయ్యేదాకా ఎత్తు ఎత్తుకూ గడియారంలో అదనపు సెకన్లు కలిసేవి కావు. మర్నాడు విశ్రాంతి. ఆ రోజుకల్లా మనసు కుదుటపడిందని, ఈ టోర్నీ తనది కావచ్చని ఆ ఓటమి తర్వాతే అనిపించిందని అతనే చెప్పాడు. మిగిలిన ఏడు రౌండ్లలో ఒక్కటీ ఓడలేదు. టోర్నీ గెలిచాడు.

అదే ఏడాది ప్రపంచ చాంపియన్‌షిప్ పోరులో గుకేశ్‌తో తలపడిన అప్పటి చాంపియన్, చైనాకు చెందిన డింగ్ లిరెన్‌కు ఆ విశ్రాంతి కూడా దొరకలేదు. డిసెంబరు 8న సింగపూర్‌లో పదకొండో గేమ్‌లో ఒక్క క్వీన్ ఎత్తుతో అంతా పోగొట్టుకున్నాడు. మర్నాడే మళ్లీ బోర్డు ముందు కూర్చుని, పన్నెండో గేమ్‌లో గుకేశ్‌ను ఊపిరాడనివ్వకుండా గెలిచాడు. టైటిల్ పోగొట్టిన పద్నాలుగో గేమ్ 55వ ఎత్తులో రూక్‌తో (ఏనుగుతో) చేసిన పొరపాటు గురించే జనం మాట్లాడతారు. నాకు మాత్రం ఆ పన్నెండో గేమే గొప్ప. అంతకుముందు రాత్రి అతను ఎలా గడిపాడో అనుకుంటే ఇప్పటికీ గౌరవం పెరుగుతుంది.

ఓడాక చెయ్యి కలుపు, స్కోర్‌షీట్ మీద సంతకం పెట్టు, ప్రెస్ వాళ్లు అడిగితే రెండు మాటలు చెప్పి వచ్చెయ్. గదికి రాగానే ఎత్తుల తప్పొప్పులు లెక్కగట్టే కంప్యూటర్ ప్రోగ్రాం, అదే ఇంజిన్, తెరవాలని చేతులు దురద పెడతాయి. వద్దు. ఆ గేమ్ మీ కోచ్‌ను చూడమను, రేపటికి పనికొచ్చేది ఉంటే ఒక్క ముక్కలో చెప్పమను. ఫోన్ ఆయన దగ్గరే ఉంచు. ఇంజిన్ అంకెలు చూసి కామెంట్లు పెట్టేవాళ్లకు, నలభై సెకన్లు మిగిలినప్పుడు నీ గుండె ఎలా కొట్టుకుందో తెలియదు కదా! కడుపు నిండా తిను, కాసేపు నడువు, పడుకో. ఆ ఎత్తు ఎందుకు వేశావని ఫోన్‌లో అడగొద్దని మీ నాన్నకు నేను గట్టిగానే చెప్పాను.

ఇంకొకటి. ఎదుటివాళ్లు మోసం చేస్తున్నారని అనుమానం వస్తే ఆర్బిటర్‌కే, అంటే ఆట నిర్వహించే రిఫరీకే చెప్పు, నెట్‌లో ఒక్క అక్షరం రాయకు. 2022లో సెయింట్ లూయిస్‌లో అమెరికా కుర్రాడు నీమన్ చేతిలో ఓడాక, అప్పటి ప్రపంచ చాంపియన్ కార్ల్‌సన్ అతని మీద అనుమానంతో టోర్నీ వదిలి వెళ్లిపోయాడు. ఆ గొడవ కోర్టు దాకా పోయింది.

మొదటి రౌండే పోయిందనుకో, మన విజయవాడ కోనేరు హంపిని తలుచుకో. 2024 డిసెంబరులో న్యూయార్క్‌లో తొలి గేమ్ ఓడి కూడా పదకొండు రౌండ్లలో ఎనిమిదిన్నర పాయింట్లు తెచ్చుకుంది. రెండోసారి మహిళల ప్రపంచ ర్యాపిడ్ (తక్కువ సమయంలో ముగిసే వేగపు చెస్) చాంపియన్ అయింది.

బయలుదేరే ముందు ఒక పూట ఇంటికి రా. ఆ పన్నెండో గేమ్ బోర్డు మీద పెట్టి ఇద్దరం ఆడుకుంటూ చూద్దాం. అత్తయ్య పులిహోర చేస్తానంది.

మీ మామయ్య