స్ట్రోక్ తర్వాత మతిమరుపుకి ప్రోబయోటిక్ సాచెట్లు పనిచేస్తాయా?

మీ అత్తగారికి స్ట్రోక్ వచ్చాక మతిమరుపు ఎక్కువైందని, పేగుల్లో మంచి బ్యాక్టీరియా పెంచితే తగ్గుతుందని ఎవరో చెప్పారని, సాచెట్లు కొనాలా అని అడిగారు కదా. మతిమరుపు కోసమైతే కొనకండి. మేం రెండు నెలలు వాడాం, ఏ తేడా లేదు.

మా నాన్న గుంటూరు మిర్చి యార్డులో ముప్పై ఏళ్లు గుమాస్తా. ఎన్ని టిక్కీల (మిర్చి బస్తాల) తూకమైనా కాగితం లేకుండా నోటితోనే కూడేసేవారు. అలాంటి మనిషి స్ట్రోక్ తర్వాత పాలబ్బాయికి డబ్బులిచ్చి, అతను మెట్లు దిగేలోపే మళ్లీ పర్సు తీసేవారు.

పేగులకీ మెదడుకీ లంకె ఉన్నమాట నిజమే. స్ట్రోక్ వచ్చాక పేగుల్లో బ్యాక్టీరియా తీరు మారుతుంది, తిండిలో పీచు తగ్గితే ఆ బ్యాక్టీరియా తయారుచేసే, పేగు గోడకి మేలుచేసే బ్యూటిరేట్ లాంటి పదార్థాలూ తగ్గుతాయి, పేగు గోడ కట్టుదిట్టం సడలి ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ (వాపు లాంటి ప్రతిచర్య) పెరగొచ్చు. కానీ గట్టి ప్రయోగాలు ఎక్కువగా ఎలుకల మీదే జరిగాయి. ఫలానా బ్యాక్టీరియా మింగితే మనిషికి జ్ఞాపకశక్తి తిరిగొస్తుందని తేలలేదు, మందుల షాపు కుర్రాడు ఏం చెప్పినా సరే.

మాకు పనికొచ్చినవి వేరే. నాన్నకి నాలుగు రోజులు విరేచనం కాకపోతే ఐదో రోజుకి బాగా అయోమయంగా ఉండేవారు, మా చెల్లిని పట్టుకుని ఎవరమ్మా నువ్వు అన్నారొకసారి. తీరా చూస్తే ఆయన నీళ్లే తాగట్లేదు. కాలు పట్టులేక బాత్రూమ్‌కి ఎవర్నో పిలవాలి కదా, మొహమాటం! గోడకి పట్టుకునే రాడ్ బిగించాక అడక్కుండానే తాగడం మొదలెట్టారు. డాక్టరుగారు మలబద్ధకానికి మందిచ్చి, విటమిన్ బి12 టెస్ట్ కూడా రాశారు. షుగర్‌కి ఏళ్లతరబడి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లకి బి12 తగ్గొచ్చట, నాన్నకీ తగ్గింది, ఇంజెక్షన్లు వేశారు. మీరు ఆ టెస్ట్‌తో పాటు థైరాయిడ్, డిప్రెషన్ గురించి కూడా అడగండి.

మజ్జిగ, రాగిజావ, ఆకుకూర పప్పు పెడుతున్నాం. మింగేటప్పుడు పొలమారుతుంటే మాత్రం పలచటివి ఇచ్చేముందు డాక్టర్ని అడగాలి, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ వాడుతుంటే ఆకుకూరలు ఒకరోజు బోలెడు ఒకరోజు అసలు లేకుండా పెట్టకూడదు. గోంగూర పచ్చడి మాత్రం బీపీ వల్ల బంద్, దానిమీద రోజూ గొడవే.

అయోమయం తగ్గింది గానీ మతిమరుపు కొంత ఉంది. ఇప్పుడు పాల లెక్క క్యాలెండర్‌లో టిక్కు పెట్టుకుంటున్నారు, నిన్నటి గడిలో రెండు టిక్కులున్నాయి.